ముల్లు చెప్పేది నిజమేనా?

ఒంట్లో నలతగా ఉందన్నారని అమ్మ మీకు థర్మామీటరు పెట్టింది. 105 డిగ్రీలు చూపించింది. మీరేమో హాయిగా కూర్చుని మామిడిపండు తింటున్నారు! అప్పుడు అమ్మ ఏం చేస్తుంది? వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తదు. ముందు మీ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. థర్మామీటరును కడిగి, విదిలించి మళ్ళీ పెడుతుంది. ఇంకా అనుమానం తీరకపోతే, జ్వరం లేని మీ తమ్ముడికి పెట్టి చూస్తుంది.

అమ్మ చేసిన ఈ మూడు పనుల్లో ఒక గొప్ప శాస్త్ర సూత్రం ఉంది. కొలిచే సాధనం చెప్పినంత మాత్రాన ఏదీ నిజమైపోదు. వస్తువును పరీక్షించినట్టే సాధనాన్నీ పరీక్షించాలి.

ఇలాంటి చిక్కే పాత కార్లకూ వస్తుంది. 1950ల చివరి నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్ కారును మీరు చూసే ఉంటారు. ఒకప్పుడు మన ఊళ్ళలో కారంటే అంబాసిడరే. ఇప్పటికీ అలాంటి పాత కార్లను ప్రాణప్రదంగా చూసుకునేవాళ్ళు ఉన్నారు. ఆ తరం కార్లలో డ్రైవరు ముందు ఒక చిన్న టెంపరేచర్ మీటరు ఉంటుంది. ముల్లు ఎడమవైపు ఉంటే ఇంజను చల్లగా ఉన్నట్టు, కుడివైపు చివరకు వెళితే కాగిపోతున్నట్టు. కారుకు వయసు మీదపడిన కొద్దీ ఈ ముల్లు పిచ్చివేషాలు వేస్తుంది. ఒకసారి చివరిదాకా ఎగురుతుంది, మరుక్షణం అడుగుకు పడిపోతుంది. అప్పుడు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: జ్వరం ఇంజనుకా, మీటరుకా?

పల్నాటి ఎండలో ఇది చిన్న ప్రశ్న కాదు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ మాట నిజమేననిపించే ఊరు మన పల్నాడు జిల్లాలోనే ఉంది. అదే రెంటచింతల. ఎండాకాలంలో అక్కడి వాతావరణ కేంద్రం పేరు పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. మే నెలలో అక్కడ 45 డిగ్రీలంటే జనం పెద్దగా ఆశ్చర్యపోరు.

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకు ఒక పాత కారు మిట్టమధ్యాహ్నం బయలుదేరిందనుకోండి. ఇంజనులోని నీరు సుమారు 85 డిగ్రీల వేడిలో ఉండాలి. ఆ నీరు రేడియేటర్‌లోకి వచ్చి తన వేడిని గాలికి ఇచ్చి, చల్లబడి, మళ్ళీ ఇంజనులోకి వెళుతుంది. ఎంత వేడి గాలిలోకి పోతుందన్నది నీటికీ గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడా మీద ఆధారపడుతుంది. జనవరి ఉదయం గాలి 25 డిగ్రీలుంటే తేడా 60. మే మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలుంటే తేడా 40 మాత్రమే. అంటే అదే రేడియేటర్, అదే నీరు, అదే ఫ్యాను. కాని చల్లబరిచే శక్తి మూడింట రెండు వంతులకు పడిపోయింది!

అందుకే ఇక్కడ ముల్లు మాట తేలిగ్గా తీసుకోకూడదు. ఇంజను నిజంగా కాగిపోతుంటే, మీటరు పాడైందనుకుని నడిపితే హెడ్డు వంకరపోతుంది, పిస్టన్లు పట్టేస్తాయి. వేలకు వేలు ఖర్చు. అలాగని ఇంజను బాగానే ఉన్నప్పుడు ముల్లును నమ్మి కంగారుపడితే మరో ప్రమాదం ఉంది. కారు ఆపి, గబగబా రేడియేటర్ మూత తిప్పేవాళ్ళు ఉంటారు. ఆ మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. మామూలు గాలి పీడనానికి మరో సగం అదనంగా ఉంటే, నీరు 100 డిగ్రీల దగ్గర కాక దాదాపు 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. అంతవరకు మరగని నీరు ఆ క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆ మూతను ఎవరూ ముట్టుకోకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఈ మాట చెప్పండి.

మీటరు లోపల ఏముంది?

దొంగను పట్టుకోవాలంటే ముందు ఇంటి దారులు తెలియాలి. ఈ మీటరు వ్యవస్థలో ముఖ్యంగా నాలుగు భాగాలున్నాయి: సెన్సరు, వైరు, మీటరు, వోల్టేజీని అదుపులో ఉంచే చిన్న డబ్బా.

సెన్సరు ఇత్తడి బోల్టులా ఉంటుంది. దాని కొన ఇంజనులోని వేడినీటిలో మునిగి ఉంటుంది. లోపల థర్మిస్టర్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. రాగి, ఇనుము వంటి లోహాలను వేడిచేస్తే వాటి విద్యుత్ నిరోధం పెరుగుతుందని మీరు చదువుకున్నారు. థర్మిస్టర్ సంగతి తలకిందులు. వేడెక్కిన కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది! ఈ వింతను 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. కారణం అప్పట్లో తెలియలేదు. ఇలాంటివి అర్ధవాహకాలని, వేడి తగిలినప్పుడు వీటిలో కదలగలిగే ఎలక్ట్రాన్ల సంఖ్య బాగా పెరుగుతుందని ఇప్పుడు మనకు తెలుసు.

సెన్సరు నుంచి మీటరుకు ఒక్కటే వైరు వెళుతుంది. వలయం పూర్తి కావాలంటే రెండు దారులుండాలి కదా, రెండోది ఏది? కారు ఇనుప శరీరమే! బ్యాటరీ ఒక కొనను కారు బాడీకి కలుపుతారు. దీనినే మెకానిక్కులు ‘ఎర్త్’ అంటారు. సెన్సరు ఇంజనులోకి బిగుసుకున్న మరల ద్వారానే దానికి ఎర్త్ అందుతుంది.

మీటరు లోపల ద్విలోహ పట్టీ ఉంటుంది. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాలను అతికించి చేసిన పట్టీ అది. దాని చుట్టూ సన్నని తీగ చుట్టి ఉంటుంది. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, దానికి తగిలించిన ముల్లు కదులుతుంది. పట్టీ వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఈ రకం ముల్లు నెమ్మదిగా, మర్యాదగా కదలాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక నాలుగోది. ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజి 12 దగ్గర ఉంటుంది, నడుస్తున్నప్పుడు 14 దాకా పెరుగుతుంది. ఈ మార్పు మీటరు మీద పడకుండా ఉండడానికి ఆనాటి చాలా కార్లలో ఒక చిన్న డబ్బా అమర్చారు. అది కరెంటును తెరుస్తూ మూస్తూ, సగటున 10 వోల్టులు మాత్రమే మీటరుకు పంపుతుంది. పెట్రోలు మీటరు కూడా ఈ డబ్బా నుంచే కరెంటు తీసుకుంటుంది.

వేరే రకం మీటరు కూడా ఒకటి ఉంది. అందులో కరెంటే ఉండదు. ఇంజను నుంచి మీటరు దాకా సన్నని రాగి గొట్టం, గొట్టం కొనన ఈథర్ వంటి ద్రవం నింపిన బుడ్డి ఉంటాయి. వేడికి ఆవిరి పీడనం పెరిగి, వంకర గొట్టాన్ని కొద్దిగా విప్పుతుంది. ఆ వంకర గొట్టం 1849లో ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బూర్డాన్ కనిపెట్టినది. తాళం తీసేసిన తర్వాత కూడా ముల్లు వేడిని చూపిస్తూనే ఉంటే అది ఈ రకమన్నమాట. దానికి వైర్ల బాధ లేదు. గొట్టం చిట్లితే మాత్రం ముల్లు అడుగునే ఉండిపోతుంది. మన పరిశోధన మొదటి రకం గురించి.

ఒక చిన్న లెక్క

సులభంగా ఉండడానికి కొన్ని అంకెలు అనుకుందాం. మీటరు తీగ నిరోధం 60 ఓములు. చల్లగా ఉన్నప్పుడు సెన్సరు నిరోధం 440 ఓములు, వేడిగా ఉన్నప్పుడు 40 ఓములు. వోల్టేజి 10.

ఓమ్ నియమం ప్రకారం చల్లని ఇంజనులో కరెంటు 10 ÷ 500 = 0.02 ఆంపియరు. వేడి ఇంజనులో 10 ÷ 100 = 0.1 ఆంపియరు. ముల్లు కుడికి వెళ్ళింది. అంతా సవ్యంగా ఉంది.

ఇప్పుడు ఎర్త్ దగ్గర తుప్పు పట్టి, మరో 100 ఓముల నిరోధం దారికి అడ్డొచ్చిందనుకోండి. కరెంటు 10 ÷ 200 = 0.05 ఆంపియరు. సగమైపోయింది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి ఆ వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంజను కాగుతున్నా ముల్లు ‘చల్లగా ఉంది’ అంటుంది!

దీనికి వ్యతిరేకంగా, వోల్టేజి డబ్బా పాడై 10కి బదులు 14 వోల్టులు పంపిందనుకోండి. కరెంటు 0.14 ఆంపియరు, మీటరు తీగలో వేడి దాదాపు రెట్టింపు. ఇంజను మామూలు వేడిలోనే ఉన్నా ముల్లు ‘కాగిపోతోంది’ అని కేక పెడుతుంది. ఒకే మీటరు, రెండు రకాల అబద్ధాలు!

పరిశోధన మొదలుపెడదాం

మొదటి ప్రశ్న: ఇంజను నిజంగా వేడెక్కిందా? దీనికి ముల్లును అడగకూడదు, వేరే సాక్షులను అడగాలి. ఆవిరి వస్తోందా? నీరు పొంగి కారుతోందా? మాడు వాసన ఉందా? మెకానిక్ దగ్గర దూరం నుంచే వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే పని మరీ సులువు. ఇంకో మంచి పరీక్ష ఉదయమే చేయవచ్చు. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో ఇంజను చల్లగా ఉందనడానికి వేరే రుజువు అక్కర్లేదు. ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పితే ముల్లు అడుగునే ఉండాలి. సగానికి లేచిందంటే, అబద్ధమాడుతున్నది మీటరు వ్యవస్థే.

రెండో ప్రశ్న: పెట్రోలు మీటరు ఏమంటోంది? రెండు ముళ్ళూ ఒకేసారి పైకి లేస్తే, ఒకేసారి పడిపోతే, రెండు మీటర్లూ ఒకేసారి చెడిపోయాయనుకోవడం కంటే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించడం న్యాయం. ఆ ఉమ్మడి చుట్టం వోల్టేజి డబ్బా. చాలాసార్లు డబ్బా కూడా చెడిపోదు. దాన్ని బాడీకి బిగించిన మర తుప్పుపట్టి ఎర్త్ అందదు, అంతే. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే సరిపోతుంది.

మూడో ప్రశ్న: ముల్లు ఎప్పుడు ఎగురుతోంది? గుంటల్లో పడినప్పుడైతే వైరు ఎక్కడో వదులై ఉంటుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడు కదిలితే, ఇండికేటర్ మిణుకుమిణుకుమన్నప్పుడల్లా తలూపితే ఎర్త్ మీద అనుమానం. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు పెరిగి, దిగేటప్పుడు తగ్గితే? అది తప్పు కాదు. ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ పని చేస్తుంది, కారు వేగం తక్కువ కాబట్టి రేడియేటర్‌కు తగిలే గాలీ తక్కువ. పాపం, ముల్లు నిజమే చెబుతోంది!

నాలుగో ప్రశ్న: తప్పు ఏ సగంలో ఉంది? ఇది మెకానిక్ చేయవలసిన పరీక్ష, మీరు పక్కన నిలబడి చూడండి. సెన్సరు నుంచి వైరు ఊడదీస్తే వలయం తెగుతుంది కాబట్టి ముల్లు అడుగుకు రావాలి. ఆ వైరు కొనను ఇంజను ఇనుముకు తాకిస్తే నిరోధం లేకుండా పోతుంది కాబట్టి ముల్లు చివరకు లేవాలి. తాకించడం ఒక్క క్షణమే. ఎక్కువసేపు ఉంచితే మీటరు తీగ కాలిపోవచ్చు. అందుకే జాగ్రత్త గలవాళ్ళు మధ్యలో చిన్న బల్బు పెట్టి తాకిస్తారు. ముల్లు చెప్పినట్టు వింటే మీటరూ వైరూ బాగున్నాయి, తప్పు సెన్సరుది గాని దాని ఎర్త్‌ది గాని. వినకపోతే తప్పు వైరులోనో మీటరులోనో ఉంది. చూశారా, ఒక్క పరీక్షతో అనుమానితుల్లో సగం మంది విడుదలైపోయారు!

సెన్సరు దగ్గర ఒక తమాషా తప్పు జరుగుతుంటుంది. నీరు కారకుండా మరలకు తెల్లని టేపు దట్టంగా చుట్టి బిగిస్తారు. టేపు విద్యుద్బంధకం. నీటితోపాటు కరెంటు దారి కూడా మూసుకుపోతుంది!

సున్నపు నేల చేసే పని

మన పల్నాడుకు సున్నపురాయి పెట్టింది పేరు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు ఎవరికి తెలియవు? ఆ రాయి పొరల్లోంచి ఇంకిన వాననీరు, తనలో కరిగిన కార్బన్ డయాక్సైడు సాయంతో సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించి కాల్షియం బైకార్బొనేట్‌గా మోసుకొస్తుంది. ఇలాంటి బోరు నీటినే మనం కఠిన జలం అంటాం. దాన్ని కాస్తే బైకార్బొనేటు విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటు గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. స్నానానికి నీళ్ళు కాగే గిన్నెల్లో మీరు చూసే తెల్లని చెక్కు అదే.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోస్తే అక్కడా అదే జరుగుతుంది. సన్నని గొట్టాలు పూడుకుపోతాయి, ఇంజను నిజంగానే వేడెక్కుతుంది. సెన్సరు కొన మీద కూడా చెక్కు కట్టి, నీటి వేడి దానికి ఆలస్యంగా చేరుతుంది. అంటే ఒకే సున్నం ఇంజనుకు జ్వరం తెప్పిస్తుంది, ఆ వార్తనూ ఆలస్యం చేస్తుంది. అందుకే ఖనిజాలు తీసేసిన నీటిలో కూలెంటు కలిపి పోయాలి.

ముల్లు పడిపోతే మరీ ప్రమాదం

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. వాతావరణ కేంద్రంలో థర్మామీటర్లను గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడలో ఉంచుతారు. ఎందుకో తెలుసా? ఎండలో పెడితే అది గాలి వేడిని కాక, ఎండకు కాగిన తన సొంత వేడినే చూపిస్తుంది. ఏ థర్మామీటరైనా తాను దేనిలో ఉందో దాని వేడినే చెప్పగలదు.

కారు సెన్సరూ అంతే. అది నీటిలో మునిగి ఉన్నంతసేపే నీటి వేడి చెబుతుంది. హోసు పైపు చిట్లి నీరంతా కారిపోతే సెన్సరు కొన గాలిలో మిగిలిపోతుంది. గాలి నీటిలాగా వేడిని అందించలేదు. అప్పుడు పైకి లేచిన ముల్లు హఠాత్తుగా దిగివస్తుంది! ‘అమ్మయ్య, చల్లబడింది’ అనుకుని డ్రైవరు ఇంకా వేగంగా పోనిస్తాడు. నిజానికి నీళ్ళు లేని ఇంజను అప్పుడే మాడిపోతుంటుంది. కనుక, బాగా పైకి లేచిన ముల్లు కారణం లేకుండా పడిపోతే సంతోషించకూడదు. వెంటనే బండి పక్కకు ఆపి ఇంజను ఆపేయాలి. చల్లారాక నీళ్ళు చూడాలి.

ముల్లు భాష

చల్లని ఇంజనులోనూ చివరకు లేచి అక్కడే ఉంటే: సెన్సరు వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది.
ఎప్పుడూ అడుగునే ఉంటే: వైరు తెగింది, లేదా సెన్సరుకు ఎర్త్ లేదు.
పెట్రోలు ముల్లుతో కలిసి ఆడితే: వోల్టేజి డబ్బా, లేదా దాని ఎర్త్.
గుంటల్లో ఆడితే: వదులు కనెక్షన్.
ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు నెమ్మదిగా పెరిగితే: ముల్లు నిజమే చెబుతోంది. నీళ్ళు, ఫ్యాను బెల్టు, రేడియేటర్ చూడండి.
పైకి లేచి హఠాత్తుగా పడిపోతే: ముందు బండి ఆపండి!

మీరే చేసి చూడండి

మెకానిక్‌ను అడిగి ఒక పాత సెన్సరు తెచ్చుకోండి. బడిలో సైన్సు మాస్టారి దగ్గర మల్టీమీటరు, థర్మామీటరు తీసుకోండి. గ్లాసులో వేడినీళ్ళు పోసి, సెన్సరు కొనను, థర్మామీటరును అందులో ముంచండి. వేడినీళ్ళు పోసేటప్పుడు మాస్టారు పక్కన ఉండాలి. మల్టీమీటరు ఒక తీగను సెన్సరు తలకు, రెండోదాన్ని ఇత్తడి ఒంటికి తాకించి నిరోధం చూడండి. నీరు చల్లారుతుంటే ప్రతి 5 డిగ్రీలకూ ఒకసారి రాసుకుని గ్రాఫు గీయండి. వచ్చేది సరళరేఖా, వంపురేఖా? తర్వాత సెన్సరు కొనకు తడి సున్నం పట్టించి, ఆరనిచ్చి, మళ్ళీ వేడినీటిలో ముంచండి. రీడింగు స్థిరపడడానికి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూడండి. సున్నం పని మీకే అర్థమవుతుంది.

పాత కార్లు తగ్గిపోయినా థర్మిస్టర్లు తగ్గలేదు. డిజిటల్ జ్వరమానినిలో, ఫ్రిజ్‌లో, సెల్‌ఫోను బ్యాటరీలో అవే ఉన్నాయి. ఇవాళ్టి కార్లలో సెన్సరు కబురు ముందు కంప్యూటరుకు వెళుతుంది. చాలా కార్లలో ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయినా ముల్లును మధ్యలోనే నిలిపి ఉంచేట్టు దాన్ని తయారుచేశారు. కదలని ముల్లు కూడా పూర్తి నిజం చెబుతున్నట్టు కాదన్నమాట!

ఇంట్లో కరెంటు మీటరు ఎక్కువ తిరిగినా, తూకం తక్కువ వచ్చినా, ప్రయోగశాలలో జవాబు తేడా వచ్చినా మెకానిక్ పద్ధతే మనకూ దారి చూపిస్తుంది. వేరే సాక్షిని అడగండి. ఉమ్మడి కారణం వెతకండి. సమస్యను రెండుగా చీల్చండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కంగారుపడి నాలుగూ ఒకేసారి మారిస్తే ముల్లు బాగుపడవచ్చు. కాని తప్పు ఎక్కడుందో మీకెప్పటికీ తెలియదు!